పది బొమ్మరిళ్ళు, తొంభై నిమిషాలు: ఇంగ్లండ్ హాళ్ళలో జరిగే రోల్ ప్లే సెషన్లు డబ్బుకు తగ్గవేనా?

ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలున్న తెలుగువాళ్ళ ఇళ్ళకి ఈ రోల్ ప్లే (పాత్రలు వేసుకుని ఆడే ఉత్తుత్తి ఆట) సెషన్ల కబురు ఏదో ఒక వాట్సాప్ గ్రూపు ద్వారా చేరే ఉంటుంది. చర్చి హాలునో, కమ్యూనిటీ సెంటర్‌నో గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు. నేల మీద మెత్తటి చాపలు పరిచి, గోడల వెంబడి ఎనిమిది నుంచి పన్నెండు దాకా బొమ్మరిళ్ళు నిలబెడతారు. ఒకటి సరుకుల కొట్టు, ఒకటి పశువుల ఆసుపత్రి, ఒకటి సెలూన్, ఒకటి ఫైర్ స్టేషన్, ఒకటి ఇల్లు కట్టే చోటు. పిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళు గంటన్నర సేపు ఆ బుల్లి ఊళ్ళో తిరుగుతారు. టైమవగానే అన్నీ మడిచి వ్యాన్‌లోకి ఎక్కించేస్తారు. మర్నాడు అదే ఊరు ఇంకో హాల్లో లేస్తుంది.

ఈ సమీక్ష ఏ ఒక్క నిర్వాహకుడి గురించో కాదు. ఈ తరహా సెషన్లన్నిటినీ కలిపి, ఏది బాగుంటుంది, ఏది చెడుతుంది, బుక్ చేసే ముందు ఏం చూసుకోవాలి అన్నదే మా ఉద్దేశం.

ముందుగా మా మాట చెప్పేస్తాం. రెండేళ్ళ నుంచి నాలుగున్నరేళ్ళ దాకా ఉన్న పిల్లలకి, నెలకి ఒకటి రెండుసార్లు, వెంట వెళ్ళిన పెద్దవాళ్ళు నేల మీద కూర్చుని ఆటలో కలిసేట్టయితే, పెట్టిన ప్రతి పౌండూ గిట్టుబాటే. పెద్దవాళ్ళు గోడ వారన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేట్టయితే మాత్రం ఆ డబ్బు ఉంచుకుని ఇంట్లో ఒక పెద్ద అట్టపెట్టె ఇవ్వడం మేలు. ఇక్కడ అమ్ముతున్నది బొమ్మలు కాదు. ఆ వంటగది, ఆ బండ్లు, ఆ చెక్క కూరగాయలు చాలావరకు దుకాణాల్లో దొరికేవే. మీరు కొనేది పరిగెత్తడానికి చాలినంత నేల, తన ఈడు పిల్లలు ఓ పాతిక మంది, సామానంతా ఒక పద్ధతిలో ముందే సర్దిపెట్టి ఉండటం. ఫ్లాట్లలో, వరసగా అతుక్కుని ఉండే టెర్రస్ ఇళ్ళలో పెరిగే పిల్లలకి ఈ మూడూ కరువే. ఇంగ్లండ్‌లో మూడేళ్ళు నిండిన తర్వాతి టర్మ్ నుంచి పిల్లలందరికీ వారానికి 15 గంటల ఉచిత నర్సరీ ఉంది. దానికంటే ముందు, ఇంట్లో ఒక్కరే ఉండి బిడ్డని చూసుకునే తల్లికో తండ్రికో నడక వచ్చినప్పటి నుంచి మూడో ఏడు దాకా ఉన్న కాలం చాలా పొడుగ్గా గడుస్తుంది. ఈ సెషన్లు అచ్చంగా ఆ కాలానికి పనికొస్తాయి.

పోస్టర్ మీద సాధారణంగా '0 నుంచి 6 ఏళ్ళు' అని ఉంటుంది. దాన్ని అలాగే నమ్మకండి. ఏడాదిన్నర పిల్లవాడు సరుకుల కొట్లో చేసే పని ఒక్కటే: అరలో ఉన్నవన్నీ ట్రాలీలో వేసి, తోసుకెళ్ళి, ఇంకోచోట కుమ్మరించడం. చుట్టూ ఉన్న తల్లులు ఇబ్బందిగా నవ్వుతూ వెనక్కి సర్దుతుంటారు. సర్దనక్కర్లేదు. వస్తువుల్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేయడం ఆ వయసు పిల్లల సహజమైన ఆట. వాడు కొట్టు ఆట ఆడటం లేదు, మోత ఆట ఆడుతున్నాడు. రెండు, రెండున్నర ఏళ్ళ పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు. అమెరికన్ పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో దీన్నే సమాంతర ఆట అన్నారు. 'మావాడు ఎవరితోనూ కలవడం లేదు' అని దిగులుపడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. పక్కన కూర్చున్నాడంటే కలుస్తున్నట్టే.

అసలు పంట మూడేళ్ళ తర్వాత. 'నువ్వు డాక్టరువంట, నా కుక్కపిల్లకి కాలు విరిగిందంట' అనే ఆ 'అంట' మొదలయ్యే వయసు. ఈ రకం ఆటను కొలవడానికి ఇజ్రాయెల్ పరిశోధకురాలు సారా స్మిలాన్‌స్కీ 1968లో ఆరు గుర్తులు చెప్పారు. ఒక పాత్ర తీసుకోవడం, ఒక వస్తువుని మరో వస్తువుగా ఊహించుకోవడం, లేని సందర్భాన్ని ఉన్నట్టు నడిపించడం, కనీసం పది నిమిషాలు అదే ఆటలో నిలవడం, ఇంకొకరితో కలిసి ఆడటం, ఆటలో ఉంటూనే మాట్లాడటం. సెషన్ బాగుందో లేదో తేల్చడానికి ఇంతకంటే మంచి కొలబద్ద మాకు తెలియదు. మీ పిల్లవాడు ఒక్క బొమ్మరింట్లో పది నిమిషాలు నిలిచాడా? నిలిస్తే ఆ హాలు బాగా సర్దినట్టు. తొంభై నిమిషాల్లో పది ఇళ్ళూ మూడేసి సార్లు చుట్టేసి వచ్చాడంటే లోపం పిల్లవాడిది కాదు. సామాను మరీ ఎక్కువైనా ఉండాలి, జనం మరీ ఎక్కువైనా ఉండాలి.

ఐదు దాటినవాళ్ళకి ఇది చిన్న చొక్కా. రిసెప్షన్ క్లాసుకి (బడిలో మొట్టమొదటి తరగతికి) వెళ్ళే పిల్లలు చెల్లెలి కోసం వచ్చి, అరగంటకే ఫైర్ ఇంజన్‌తో చిన్నవాళ్ళని గుద్దడం మొదలుపెడతారు. వాళ్ళని తీసుకురాక తప్పకపోతే ఒక ఉద్యోగం ఇవ్వండి: కొట్లో బిల్లు వేయడం, సెలూన్‌లో అపాయింట్‌మెంట్లు రాసుకోవడం. నిజం కాగితం, నిజం పెన్సిలు చేతికిస్తే అక్కడే కూర్చుంటారు.

ఇక ఒక్కో బొమ్మరిల్లు సంగతి.

సరుకుల కొట్టు ప్రతి సెషన్‌లోనూ ఉంటుంది, ప్రతి సెషన్‌లోనూ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. కారణం ఒక్కటే, బిల్లు మిషన్. మీట నొక్కితే 'కీ' మనే మిషన్ ఒక్కటే పెట్టి నలుగురు పిల్లల్ని వదిలితే ఎవరు ఆపగలరు? తెలిసిన నిర్వాహకులు రెండు మిషన్లు ఎదురెదురుగా పెడతారు. ట్రాలీలు కనీసం నాలుగు, బుట్టలు ఆరు ఉంచుతారు. ట్రాలీలు తేలికపాటి ప్లాస్టిక్‌వి అయితే బరువు పట్టగానే ముందుకి తిరగబడతాయి, పట్టుకున్న పిల్లవాడు కూడా వాటితోపాటే. ఇనుప ఊచల ట్రాలీలు నిలకడగా ఉంటాయి గానీ మడమలకి తగులుతాయి. అడుగున బరువున్న చెక్క ట్రాలీ అన్నిటికంటే మంచిది. సరుకుల్లో ఖాళీ చేసిన నిజమైన అట్టపెట్టెలు ఉన్న కొట్టు మాకు ఎక్కువ నచ్చుతుంది. సీరియల్ డబ్బా, టీ డబ్బా పిల్లలు ఇంట్లో చూసినవే కాబట్టి పేరు పెట్టి అడుగుతారు. నున్నటి ప్లాస్టిక్ పండ్లని ఎవరూ పేరు పెట్టి అడగరు.

వంటగది, కఫే. చాలాచోట్ల కనిపించేది ఐకియా వారి డుక్టిగ్ వంటగదే. 72 సెంటీమీటర్ల వెడల్పు, 109 సెంటీమీటర్ల ఎత్తు, కాళ్ళు పొడిగించి ఎత్తు మార్చుకోవచ్చు. మూడేళ్ళ వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. అయితే ఒకే వంటగది ముందు ఇద్దరికంటే ఎక్కువ మంది నిలబడలేరు. కాబట్టి రెండు వంటగదులు పక్కపక్కనే, వాటికి ఎదురుగా ఒక పొట్టి బల్ల, నాలుగు కుర్చీలు ఉంటేనే అది కఫే అవుతుంది. వండేవాళ్ళకి తినేవాళ్ళు కావాలి. బల్ల లేని వంటగదిలో పిల్లలు గిన్నెలు మోగించి వెళ్ళిపోతారు. మన గుజ్జనగూళ్ళ సూత్రమే ఇది: వండటం సగం ఆట, వడ్డించడం మిగతా సగం. ఇక్కడ జరిగే మరో పొరపాటు, ఆహారం బొమ్మలు కుప్పలుగా పోయడం. ఇరవై ఐదు ముక్కలు చాలు. నూటయాభై పోస్తే వంట జరగదు, ఏరుకోవడమే జరుగుతుంది.

పశువుల ఆసుపత్రి మాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. పిల్లల ఆసుపత్రి కంటే ఇదే మేలు, ఎందుకంటే ఇక్కడ రోగి కదలదు, ఏడవదు, సూదికి భయపడదు. సూదులంటే వణికే పిల్లలు కూడా కుక్కపిల్లకి వేయడానికి ముందుకొస్తారు. టీకాలకి వెళ్ళే వారంలో దీని విలువ తెలుస్తుంది. ఉండాల్సినవి: ఆరేడు మెత్తటి జంతువులు, రెండు స్టెతస్కోపులు, చుట్టడానికి అసలైన గుడ్డ కట్లు, ఒక తూకం, రోగులు ఉండటానికి మూడు నాలుగు పంజరాలో బుట్టలో. అన్నిటికంటే ముఖ్యం కట్టు గుడ్డ. చుట్టడం, ముడేయడం చేతివేళ్ళకి పని. చాలామంది నిర్వాహకులు వెల్క్రో పట్టీ పెట్టి సరిపెడతారు. అది రెండు సెకన్లలో అయిపోయే ఆట. ఒక్క జాగ్రత్త: పొడవాటి కట్టు గుడ్డ పిల్లల మెడకి చుట్టుకోకూడదు కాబట్టి ముక్కలు జానెడుకి మించకూడదు.

సెలూన్‌లో దువ్వెనలు ఎక్కడివి అని అడగండి. పేలు ఎక్కువగా తలకి తల తగిలినప్పుడే ఎక్కుతాయి గానీ, ఒకే దువ్వెన అందరి జుట్టుకీ తగలడం శుభ్రం కాదు. ఇంగ్లండ్ నర్సరీల్లో పేలు మామూలు బెడద. బొమ్మ తలలు పెట్టి, దువ్వెనలు వాటికి మాత్రమే అని చెప్పే నిర్వాహకులు పద్ధతి తెలిసినవాళ్ళు. అద్దం పగలని అక్రిలిక్‌ది అయ్యుండాలి, పిల్లల ఎత్తుకి ఉండాలి. అద్దం లేకపోతే అది సెలూన్ కాదు.

ఇల్లు కట్టే చోట ఫోమ్ ఇటుకలు, హెల్మెట్లు, ఒక తోపుడుబండి ఉంటాయి. మాట రాని పిల్లలు కూడా సిగ్గుపడకుండా కలిసే చోటు ఇదే. ఇటుక అందించడానికి భాష అక్కర్లేదు. ఇటుకలు అరవైకి తక్కువైతే గోడ మోకాలి ఎత్తు దాటదు, దాటకపోతే కూల్చే సంబరం ఉండదు. ఫైర్ స్టేషన్‌లో దుస్తులే ఆకర్షణ. ఆ కోట్లు నేలకి జీరాడితే కాళ్ళకి అడ్డంపడి పడతారు. మోకాళ్ళ దాకా ఉండి, ముందువైపు వెల్క్రోతో తెరుచుకునేవి కావాలి. తల మీంచి తొడిగేవాటిని మూడేళ్ళవాళ్ళు ఒంటరిగా వేసుకోలేరు, ప్రతిసారీ అమ్మని పిలుస్తారు, ఆట తెగుతుంది. పోస్టాఫీసు ఉంటే సంతోషించండి. ఉత్తరం రాయడం, ముద్ర వేయడం, డబ్బాలో పడేయడం, తీసి పంచడం: వరుసగా నాలుగు పనులున్న ఆట ఇంకోటి లేదు. స్కూలుకి వెళ్ళబోయే పిల్లలకి ఇంతకంటే సహజమైన రాత సాధన ఉండదు.

పసిపిల్లల మూల గురించి ఒక్కటే: చుట్టూ పొట్టి కంచె ఉండాలి. లేకపోతే పాకే పిల్లల చేతివేళ్ళ మీదుగా ట్రాలీలు వెళ్తాయి.

సర్దుడు దగ్గరే మంచి సెషన్, మామూలు సెషన్ విడిపోతాయి. మొదలైన నలభై నిమిషాలకి ఊరంతా కలగాపులగం అవుతుంది. చేపలు సెలూన్‌లో ఉంటాయి, స్టెతస్కోపు ఇటుకల కింద ఉంటుంది, కొట్లో అరలు ఖాళీ. అప్పుడు వచ్చిన పిల్లవాడికి ఆ ఇంట్లో ఏం ఆడాలో తెలియదు. ఒకరు చేతిలో బుట్టతో నిరంతరం తిరుగుతూ, ఆడుతున్న పిల్లల్ని కదపకుండా, ఖాళీ అయిన ఇంటిని మళ్ళీ మొదటిలా అమర్చాలి. దీనికి హాలు మొత్తానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తలుపు దగ్గర టికెట్లు చూస్తుంటే ఇంకొకరు సర్దాలి. ఒక్కరే నడిపే సెషన్లు ఎంత మనసుపెట్టి చేసినా రెండో సగంలో చప్పబడటానికి కారణం ఇదే. నలభై ఐదో నిమిషంలో ఊరు ఎలా ఉంది? మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది అదే చెప్తుంది.

రెండు సెషన్ల మధ్య విరామం కూడా చూడండి. ఉదయం 9:30 నుంచి 11:00, తర్వాత 11:30 నుంచి 1:00 అంటే అరగంట వ్యవధి ఉంది. సర్ది, తుడిచి, నోట్లో పెట్టుకున్న బొమ్మలు మార్చడానికి అది సరిపోతుంది. పదిహేను నిమిషాలే ఉంటే తుడవడం జరగదు. అందుకే వీలైతే మొదటి సెషనే బుక్ చేయండి. మధ్యాహ్నం 1:30 సెషన్ చవగ్గా ఇస్తారు గానీ అది నిద్ర వేళ. రెండేళ్ళవాళ్ళు ఇరవై నిమిషాలకే మొండికేస్తారు.

ఎంతమందిని రానిస్తారో టికెట్ కొనకముందే అడగండి. మామూలు చర్చి హాలుకి నడిచే పిల్లలు పాతిక, మహా అయితే ముప్ఫై. వాళ్ళతో అంతే సంఖ్యలో పెద్దవాళ్ళు ఉంటారని మరవద్దు. ఎత్తు పైకప్పు, చెక్క నేల ఉన్న పాత హాళ్ళలో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. దానికితోడు స్పీకర్లో పాటలు పెడితే కొందరు పిల్లలు చెవులు మూసుకుని తలుపు దగ్గరే నిలబడిపోతారు. ఆటిజం వంటి అవసరాలున్న పిల్లల కోసం కొన్నిచోట్ల సగం మందితో, పాటలు లేకుండా, దీపాలు తగ్గించి ప్రత్యేక సెషన్లు పెడతారు. జనం పడని పిల్లలెవరికైనా అవి బాగుంటాయి, అడిగితే చాలామంది కాదనరు.

ఇప్పుడు పెద్దవాళ్ళ సంగతి. మేం అన్నిటికంటే గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

స్మిలాన్‌స్కీ ఇజ్రాయెల్‌లో వలస కుటుంబాల పిల్లలతో చేసిన పనిలో తేలింది ఏమిటంటే, పెద్దవాళ్ళు ఆటలోకి దిగి కాస్త చేయందిస్తే పిల్లల ఉత్తుత్తి ఆట చిక్కబడుతుంది. చేయందించడం వేరు, నడిపించడం వేరు. మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, ఆటని పరీక్షగా మార్చడం. పిల్లవాడు టమాటా తీసుకొచ్చి ఇస్తాడు. 'ఇదేం రంగు? ఎన్ని ఉన్నాయి? ఇంగ్లీషులో ఏమంటారు?' అని అడుగుతాం. వాడు కొట్టువాడు, మనం గిరాకీ. గిరాకీ రంగు అడగదు, ధర అడుగుతుంది. 'కిలో ఎంతండీ? అయ్యో అంతా! పండినవి లేవా?' అంటే చాలు, వాడికి చెప్పాల్సిన మాటలు పది పుడతాయి.

చేయాల్సిన పద్ధతి ఇలా ఉంటుంది. లోపలికి వెళ్ళగానే మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పొద్దు. చేయి పట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పండి. పిల్లవాడు ఎక్కడ ఆగితే అక్కడ మీరు కూర్చోండి. నిలబడొద్దు, కూర్చోండి. మీ కళ్ళు వాడి కళ్ళ ఎత్తుకి రావాలి. తర్వాత వాడు చేస్తున్న పనికి పక్కనే మీరూ అదే పని చేయండి. వాడు కలుపుతుంటే మీరూ ఒక గిన్నెలో కలపండి. వాడు మీకేదైనా ఇచ్చాడంటే మీకు పాత్ర దొరికినట్టు. ఆ పాత్రలోంచే మాట్లాడండి. ఆట నిలిచిపోతే ఒక చిక్కు తెండి: 'గ్యాస్ అయిపోయిందే, ఎలాగ?' చిక్కు తీర్చడం మాత్రం వాడికే వదిలేయండి. ఇంకో పిల్ల వచ్చి చేరిందనుకోండి, నెమ్మదిగా వెనక్కి జరగండి. ఇద్దరు పిల్లలు ఒకరినొకరు పట్టించుకున్నాక మీ పని అయిపోయినట్టే.

ఇదంతా తెలుగులో చేయండి. చాలామంది తల్లిదండ్రులు హాల్లోకి అడుగు పెట్టగానే ఇంగ్లీషులోకి మారిపోతారు, పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని. ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లండ్‌లో నర్సరీలు పాటించాల్సిన ప్రభుత్వ నియమావళి కూడా ఇంటి భాష వేరైన పిల్లలు ఆ భాషను ఆటలో వాడుకునే వీలు కల్పించాలనే చెప్తుంది. ఉత్తుత్తి ఆటలో వచ్చే మాటలు ఇంట్లో అన్నం తినిపించేటప్పుడు రావు. బేరం, తూకం, కట్టు, రశీదు, చిల్లర, ఆనవాలు, అద్దె: ఇవి వాడే సందర్భం విదేశంలో పెరిగే పిల్లలకి ఇంకెక్కడ దొరుకుతుంది? వాడు పక్క పిల్లతో ఇంగ్లీషులో, మీతో తెలుగులో ఒకే ఆట ఆడగలడు. పిల్లలకి అది భారం కాదు.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మనో నాన్నమ్మనో తీసుకెళ్ళండి. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, చలికి ఇంట్లోనే కూర్చున్న పెద్దవాళ్ళకి ఈ హాలు బాగుంటుంది. ఇంగ్లీషు రాదని మూలన కూర్చుంటారు గానీ, లక్కపిడతలతో పెరిగిన ఆ తరానికి ఈ ఆట మనకంటే బాగా వచ్చు. ఖాళీ గిన్నెలోంచి ఉత్తుత్తి ముద్ద కలిపి, ఊది చల్లార్చి, నోటిదాకా తీసుకెళ్ళడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే ఒక టికెట్ మీద ఎంతమంది పెద్దవాళ్ళని రానిస్తారో ముందు కనుక్కోండి. కొన్నిచోట్ల ఒక్కరికే, కొన్నిచోట్ల ఇద్దరికి. నేల మీద కూర్చోలేని మోకాళ్ళయితే కఫే బల్ల దగ్గరి గిరాకీ పాత్ర వాళ్ళదే.

శుభ్రత, భద్రత. తల్లిదండ్రులు పక్కనే ఉండే సెషన్లు కాబట్టి నర్సరీల మీద ఉండే ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ వీటికి మామూలుగా ఉండదు. చూసుకోవాల్సింది మీరే. పబ్లిక్ లయబిలిటీ బీమా (వచ్చినవాళ్ళకి దెబ్బ తగిలితే పరిహారానికి పనికొచ్చేది) ఉందా అని ఒక్క మాట అడగండి. ఉన్నవాళ్ళు తడుముకోకుండా చెప్తారు. నోట్లో పెట్టుకున్న బొమ్మలు వేసే బుట్ట విడిగా ఉందా? వేషాల దుస్తులు ఎప్పుడెప్పుడు ఉతుకుతారు? చెక్క బొమ్మల్ని నీళ్ళలో ముంచరు, తడిగుడ్డతో తుడిచి ఆరబెడతారు. ముంచితే ఉబ్బి, రంగు పెచ్చులూడి, ఆ పెచ్చులు నోట్లోకి వెళ్తాయి. తలుపు దగ్గర చేతికి రాసుకునే జెల్ పెడితే సరిపోదు. వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి చావదు, సబ్బు నీళ్ళే కావాలి. ఆ జబ్బు వచ్చిన పిల్లల్ని తగ్గాక కూడా 48 గంటలు తీసుకురాకూడదు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా. డబ్బు తిరిగి రాదని జబ్బు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు ఉంటారు. కాబట్టి టికెట్‌ని మరో తేదీకి మార్చుకోనిచ్చే నిర్వాహకుడి దగ్గర జబ్బులు తక్కువ. ఇది చిన్న నిబంధనలా కనిపిస్తుంది, హాలు మొత్తానికి రక్ష.

మీట నొక్కితే మోగే ప్రతి బొమ్మనీ ఒకసారి తిప్పి చూడండి. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్ననాళం లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, 999కి ఫోన్ చేయాలి, లేదా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. మూడేళ్ళలోపు పిల్లలు తిరిగే చోట టాయిలెట్ రోల్ గొట్టంలోంచి జారిపోయే సైజు వస్తువేదీ ఉండకూడదు. ఉత్తుత్తి నాణేలు, పూసలు ఇక్కడే చిక్కు తెస్తాయి. నాణేల బదులు కాగితం నోట్లు ఉన్న కొట్టుని చూస్తే నిర్వాహకుడు ఆలోచించే మనిషని అర్థం. అసలు తినుబండారాలు తీసుకెళ్తే గింజపప్పులు వద్దు. ద్రాక్షపళ్ళని నిలువుగా నాలుగు ముక్కలు చేసి తీసుకెళ్ళండి. వీధి తలుపు గొళ్ళెం పిల్లలకి అందని ఎత్తులో ఉందో లేదో వెళ్ళగానే చూసుకోండి. అందరూ వెళ్ళిపోయే చివరి పది నిమిషాల్లోనే ఆ తలుపు ఎవరో తెరిచి వదిలేస్తారు.

ధర. నడిచే పిల్లలకి సాధారణంగా 6 నుంచి 10 పౌండ్లు, తోబుట్టువుకి కొంత తగ్గింపు, నెలల పసిపాపకి చాలాచోట్ల ఉచితం. టర్మ్ టైములో వారం మధ్య రోజులు చవక, హాఫ్ టర్మ్ సెలవుల్లో (టర్మ్ మధ్యలో వచ్చే వారం సెలవుల్లో) ఖరీదు, పైగా పెద్ద పిల్లలతో కిక్కిరిసి ఉంటుంది. మూడేళ్ళలోపు వాళ్ళున్నవాళ్ళు హాఫ్ టర్మ్ వారాన్ని వదిలేయడమే మంచిది. డబ్బు పెట్టలేని వారాల్లో లైబ్రరీల్లో ఉచితంగా జరిగే రైమ్ టైములు (పిల్లల పాటల సెషన్లు), ఫ్యామిలీ హబ్బుల్లో (కుటుంబాల కోసం నడిపే స్థానిక కేంద్రాల్లో), చర్చిల్లో జరిగే స్టే అండ్ ప్లేలు (పెద్దవాళ్ళు పక్కనే ఉండే ఆట సెషన్లు) ఉన్నాయి. అక్కడ బొమ్మలు పాతవి, వంటగది ఒకటే, కానీ వారం వారం అవే ముఖాలు కనిపిస్తాయి. స్నేహాలకి ఆ చోటే మేలు. రోల్ ప్లే ఊళ్ళో ప్రతిసారీ కొత్త పిల్లలే.

ఈ సెషన్లలో మాకు నిజంగా లోటనిపించేది ఒకటుంది. ప్రతి హాల్లోనూ అదే ఊరు. కఫేలో కేకులు, టీ కప్పులు, పీట్జా ముక్కలు. మన పిల్లలు రోజూ తినే దోసె, ఇడ్లీ, ముద్దపప్పు, ఊళ్ళో చూసొచ్చిన టిఫిన్ బండి, ఎర్ర బస్సు అక్కడ ఉండవు. కొందరు నిర్వాహకులు అడిగితే ఆనందంగా కలుపుకుంటారు. ఒక చిన్న స్టీలు ఇడ్లీ పాత్ర, రెండు స్టీలు గ్లాసులు తీసుకెళ్ళి ఇవ్వండి, వద్దనరు. ఇంకా మంచి పని, ఊళ్ళోని తెలుగు సంఘం ఉగాదికో సంక్రాంతికో హాలు తీసుకున్నప్పుడు వెనకగదిలో ఒక బుల్లి ఊరు నిలబెట్టడం. పన్నెండు మంది పిల్లలకి మూడు చోట్లు చాలు, పది అక్కర్లేదు.

టిఫిన్ బండికి నడుమెత్తు అట్టపెట్టె ఒకటి, నల్ల అట్టతో పెనం, తెల్ల ఫెల్ట్ గుడ్డతో జానెడు దోసెలు పన్నెండు, అట్లకాడలు చెక్కవి రెండు. ఫెల్ట్ ఎందుకంటే మడిస్తే నిలుస్తుంది, కాగితం చిరుగుతుంది. కిరాణా కొట్టుకి ఖాళీ డబ్బాలు ముప్ఫై, పాత త్రాసు ఒకటి, తూచడానికి పెద్ద పైన్ కాయలో చెక్క దిమ్మెలో. కందిపప్పు, శనగలు పొయ్యొద్దు, చిన్నపిల్లలు ముక్కులో పెట్టుకుంటారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, పిడతలు ఇంట్లో ఉంటే బల్ల మీద పెట్టండి, కానీ చిన్న మూతలూ గరిటెలూ తీసేసి. అవి మూడేళ్ళు దాటినవాళ్ళకే.

మూడోది బస్సు. ఎనిమిది కుర్చీలు రెండేసి వరుసగా, ముందు ఒక పళ్ళెం స్టీరింగ్, భుజానికి సంచీ తగిలించుకున్న కండక్టర్, చింపి ఇవ్వడానికి రంగు కాగితం టికెట్లు ఓ యాభై. డ్రైవర్ సీటు కోసం గొడవ రాక తప్పదు. ప్రతి మూడు పాటలకి ఒక స్టేజీ అని పెట్టి, స్టేజీ రాగానే డ్రైవర్ మారాలన్న నియమం ముందే చెప్పండి. ఊర్ల పేర్లు పిల్లల తాతగార్ల ఊర్లవే పెట్టండి. తణుకు, జనగామ, ఆదోని, ఏదైనా సరే. కండక్టర్ 'ఎక్కడికి?' అని అడుగుతాడు, జవాబు తెలుగులోనే వస్తుంది.